తొమ్మిదొందలు దాటని సర్టిఫికెట్టు సర్టిఫికెట్టే కాదు

అమీర్‌పేటలో మైత్రీవనం దగ్గర నిలబడి తల పైకెత్తితే ఆకాశం కనపడదు, బోర్డులు కనపడతాయి. ఏడబ్ల్యూఎస్, అజూర్, డెవాప్స్, సేల్స్‌ఫోర్స్, వాటి కింద ఎర్రక్షరాల్లో ‘వంద శాతం పాస్ గ్యారంటీ’. ఆ బోర్డుల నీడలో చాలా ఏళ్ళుగా టీ తాగుతున్నవాణ్ణి నేను. ఒక్క సర్టిఫికేషన్ పరీక్ష కూడా రాయలేదు. అందుకే ఈ విషయం మీద నిష్పక్షపాతంగా మాట్లాడగలిగేది నేనొక్కణ్ణే. రాసినవాళ్ళకి తమ అనుభవం అడ్డం వస్తుంది.

ఈ వ్యాసం అలాంటివాళ్ళ మాటలు విని పాడైపోతున్న పిల్లల కోసం. ముఖ్యంగా మా మేనల్లుడి కోసం. వాడు మొన్న ఫోన్ చేసి, “మావయ్యా, ఏడొందల ఇరవై వస్తే చాలట, పాసే” అన్నాడు. చాలట! మన వంశంలో ‘చాలు’ అన్న మాట విస్తరి దగ్గర తప్ప ఎవరూ అనలేదు.

మార్కుల లెక్క

వాడు రాయబోయేది అమెజాన్ వారి ఏడబ్ల్యూఎస్ సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ అసోసియేట్ పరీక్ష. 65 ప్రశ్నలు, 130 నిమిషాలు. స్కోరు 100 నుంచి 1000 దాకా, పాస్ గీత 720. దీనికి లెక్కల మాస్టారు అక్కర్లేదు. వెయ్యికి ఏడొందల ఇరవై అంటే 72 శాతం. 65లో 72 శాతం 46.8. నలభై ఏడు ప్రశ్నలు కరెక్టు చేస్తే ఒడ్డున పడ్డట్టే. ఈ సూత్రం నేను టీ కొట్టు దగ్గర ఎంతోమందికి చెప్పాను. ఎవరూ తిరిగొచ్చి కాదనలేదు. అసలు ఎవరూ తిరిగి రాలేదు.

మా వాడు మాత్రం ఒప్పుకోడు. “అది శాతం కాదు మావయ్యా, స్కేల్డ్ స్కోరు” అంటాడు. వాడు చెప్పేదేమిటంటే, అందరికీ ఒకే పేపరు రాదు. ప్రశ్నల సెట్లు రకరకాలు, ఒకటి కాస్త కఠినం, ఒకటి కాస్త తేలిక. కఠినమైన సెట్ వచ్చినవాడు రెండు ప్రశ్నలు తక్కువ చేసినా, తేలిక సెట్ వచ్చినవాడితో సమానమైన సత్తా ఉన్నవాడే కావచ్చు. ఆ తేడా సర్దేసి, అన్ని సెట్లనీ ఒకే కొలబద్ద మీదికి తెస్తారట. ఆ కొలబద్ద మీద పాస్ గీతకి పెట్టుకున్న పేరే 720. దానికీ డెబ్భై రెండు శాతానికీ చుట్టరికం లేదట. మైక్రోసాఫ్ట్ పరీక్షల్లో పాస్ స్కోరు 700. అది కూడా డెబ్భై శాతం కాదని, ప్రశ్నల కఠినత్వాన్ని బట్టి అంతకంటే ఎక్కువో తక్కువో కావచ్చని ఆ కంపెనీయే రాసి పెట్టిందట.

ఎంసెట్‌లో నార్మలైజేషన్ అన్నప్పుడు మనం ఏం చేశాం? పొద్దున షిఫ్ట్ కష్టం, మధ్యాహ్నం షిఫ్ట్ తేలిక, అందుకని సర్దుతున్నాం అని వాళ్ళు చెబితే, మనవాడికి పెరిగితే న్యాయం, పక్కింటివాడికి పెరిగితే అన్యాయం అని తేల్చుకున్నాం. ఇక్కడా అదే పద్ధతి పాటించండి.

ఇంకో సంగతి కూడా గమనించండి. స్కోరు సున్నా నుంచి కాదు, 100 నుంచి మొదలవుతుంది. అంటే ఏమీ రాయకుండా కూర్చున్నా వంద వేస్తారు. ఇంత ధర్మబుద్ధి ఉన్న సంస్థ మిగతా ఆరొందల ఇరవై దగ్గర పట్టుబడుతుందని నేననుకోను.

గీత గీసిందెవరు?

గీసినవాళ్ళెవరో తెలిస్తే ఆ గీత మీద మీకున్న గౌరవం కాస్తా పోతుంది. చాలా సర్టిఫికేషన్లలో జరిగేది ఇది. ఆ పని తెలిసినవాళ్ళని కొంతమందిని పిలిచి కూర్చోబెడతారు. ఈ ఉద్యోగానికి బొటాబొటీగా సరిపోయేవాణ్ణి ఒకణ్ణి మనసులో ఊహించుకోండి అంటారు. అలాంటివాళ్ళు వందమంది ఈ ప్రశ్న చూస్తే ఎంతమంది సరిగ్గా పెడతారు? ఒకాయన అరవై అంటాడు. ఒకావిడ ఎనభై అంటుంది. ఎందుకన్నావంటే ఎందుకన్నావని వాదించుకుంటారు. మళ్ళీ అంచనా వేస్తారు. ప్రశ్న ప్రశ్నకీ సగటు తీసి అన్నీ కూడితే, బొటాబొటీ మనిషికి రావలసిన మార్కు తేలుతుంది. అదే గీత.

దీన్ని అంగాఫ్ పద్ధతి అంటారు. విలియం అంగాఫ్ 1971లో విద్యా కొలతల మీద వచ్చిన ఒక పెద్ద గ్రంథంలో అధ్యాయం రాస్తూ, దీన్ని నాలుగు ముక్కల్లో చెప్పి ముందుకెళ్ళిపోయాడు. ఇవాళ అందరూ వాడే ‘వందమందిలో ఎంతమంది’ అన్న రూపమైతే ఫుట్‌నోట్‌లో ఉంది. అదీ తన సొంత ఆలోచన కాదని, లెడ్‌యార్డ్ టకర్ అనే సహోద్యోగిదని చెప్పుకుంటారు. ఇంతమంది ఉద్యోగాలు ఒక ఫుట్‌నోట్ మీద నడుస్తున్నాయి.

నా అభ్యంతరం ఫుట్‌నోట్ గురించి కాదు. ఊహించుకోక ఊహించుకోక బొటాబొటీ మనిషినా ఊహించుకునేది? టాపర్‌ని ఊహించుకోవద్దూ? మా వాడి సమాధానం ఇది: “ఈ పరీక్ష అడిగేది ఒకటే ప్రశ్న మావయ్యా. ఈ మనిషి ఆ కనీస గీతకి ఇవతల ఉన్నాడా, అవతలున్నాడా అని. ఎంత అవతలున్నాడో కొలవడానికి దీన్ని తయారుచెయ్యలేదు. ప్రశ్నలు కూడా ఆ గీత దగ్గర తేడా తెలిసేట్టే ఏరుకుంటారు.” చదువుకున్న పిల్లలు ఇలాగే మాట్లాడతారు. కనీస గీత మీద నాకు నమ్మకం లేదు కాబట్టి నా అధికారం కొద్దీ దాన్ని తొమ్మిదొందలకి జరిపాను.

తొమ్మిదొందలు ఎందుకంటే పెళ్ళి బయోడేటా కోసం. గోత్రం, నక్షత్రం, ఎత్తు, ఆ కిందే స్కోరు. 912 వచ్చిన అబ్బాయి 846 వచ్చిన అబ్బాయి కంటే అరవై ఆరు మార్కుల మేర మంచి అల్లుడవుతాడు. అదే అబ్బాయి వచ్చే నెల అదే పరీక్ష రాస్తే 846 రావచ్చు, ఇంకో సెట్, ఇంకో రోజు, ఇంకో నిద్ర అంటారా? అందుకే ఒక్కసారే రాయాలి. రెండోసారి కొలిస్తే ఏ సంఖ్యా నిలవదు.

ఒక చిన్న ఇబ్బంది ఉంది. సర్టిఫికెట్టు మీద స్కోరు ముద్రించరు. క్రెడ్లీ అనే సైట్లో వచ్చే బ్యాడ్జి మీదా ఉండదు. 721 వచ్చినవాడిదీ 980 వచ్చినవాడిదీ అదే బ్యాడ్జి, అదే రంగు. ఇది చాలామంది తల్లిదండ్రులకి తెలియదు, తెలియనివ్వకండి.

లెక్కలోకి రాని పదిహేను

ఆ 65 ప్రశ్నల్లో 15 ప్రశ్నలకి మార్కులే లేవు. కొత్త ప్రశ్నల్ని మీ మీద ప్రయోగించి చూస్తారు. ఎంతమంది చేశారు, బాగా వచ్చినవాళ్ళు కూడా దీని దగ్గర తప్పుతున్నారా, ప్రశ్నలోనే మెలిక ఉందా అని. పనికొస్తే ముందు ముందు అసలు లెక్కలోకి తీసుకుంటారు. అవేవో మీకు చెప్పరు, చూస్తే తెలియవు.

చూస్తే తెలుస్తాయి. మీకు రాని ప్రశ్నలన్నీ అవే. పేపరు తెరవగానే మీకు తెలియనివి పదిహేను గుర్తుపెట్టి, ‘ఇవి వాళ్ళ పని’ అనుకుని వదిలెయ్యండి. పదహారోది కూడా రాకపోతే వాళ్ళు లెక్క తప్పారన్న మాట.

వదిలెయ్యడం అంటే నిజంగానే ఖాళీగా వదిలెయ్యండి. జేఈఈ కోచింగ్‌లో నేర్పిన భయం వృథా పోకూడదు. తప్పు జవాబుకి ఇక్కడ మైనస్ లేదని, ఖాళీ వదిలినా తప్పు కిందే లెక్కని, అందుకని తెలియకపోయినా ఏదో ఒకటి పెట్టి రమ్మని పరీక్ష గైడులోనే రాశారు. తెలియని దానికి జవాబు పెట్టడం సంస్కారం కాదు. ఆ మాటకొస్తే తెలిసిన దానికి పెట్టడం కూడా కొంత దూకుడే.

విభాగాల పట్టిక

స్కోరుతో పాటు ఒక పట్టిక వస్తుంది. సెక్యూరిటీ 30 శాతం, తట్టుకునే డిజైన్ 26, వేగం 24, ఖర్చు 20, ఇవీ విభాగాలు. ఒక్కోదాని పక్కన ‘సరిపోయింది’ అనో ‘మెరుగుపడాలి’ అనో ఉంటుంది. ఏ విభాగంలో తప్పినా మొత్తం 720 దాటితే పాసే. అదే మన సీఏ పరీక్షలైతే ఊరుకోరు. ఒక్కో పేపర్లో 40 శాతం రావాలి, గ్రూపు మొత్తం మీద 50 రావాలి, ఒక పేపర్లో తొంభై వచ్చినా పక్క పేపర్లో ముప్పై తొమ్మిది వస్తే మళ్ళీ రాయాల్సిందే. అందుకే సీఏలకి ఆ ముఖకవళికలు.

ఖర్చు విభాగంలో లెక్కలోకి వచ్చే ప్రశ్నలు పదో పదకొండో ఉంటాయి. పది ప్రశ్నల్ని బట్టి ఒక మనిషికి ఖర్చుల సంగతి తెలుసో తెలియదో తేల్చకండి, జాగ్రత్తగా చూడండి అని పట్టిక పక్కనే హెచ్చరిక లాంటిది ఉంటుంది. పట్టించుకోనక్కర్లేదు. మా వాడి స్నేహితుడికి ఆ విభాగం పక్కన ‘మెరుగుపడాలి’ అని వస్తే, వాళ్ళావిడ ఆ కాగితాన్ని ఫ్రిజ్ మీద అంటించింది. ఆ పట్టికకి అంత సరైన వాడకం నేను మళ్ళీ చూడలేదు.

డంప్స్

ఇక్కడ కొంచెం నెమ్మదిగా చెప్పాలి. ఇది సబ్జెక్టు.

డంప్స్ అంటే పరీక్షలోంచి బయటికొచ్చిన ప్రశ్నలూ వాటి జవాబులూ. సందుల్లో ఉన్న జిరాక్స్ షాపుల్లో స్పైరల్ బైండింగ్‌తో దొరుకుతాయి. నీలం ప్లాస్టిక్ అట్ట, లోపల పేజీకి నాలుగు ప్రశ్నలు, జవాబుల పక్కన ముందు కొన్నవాడెవడో పెన్సిల్‌తో పెట్టిన టిక్కులు. వాట్సాప్‌లో పీడీఎఫ్‌గానూ వస్తాయి గానీ, పుస్తకంలో ఉన్న నమ్మకం ఫోన్లో రాదు.

వాటిలో ఒక ప్రశ్న చూడండి. ‘మూడు నెలలకోసారి మాత్రమే తెరిచే ఫైళ్ళున్నాయి. అడిగిన మిల్లీసెకన్లలో రావాలి. నిల్వ ఖర్చు వీలైనంత తగ్గాలి. ఎస్3లో ఏ తరగతిలో పెట్టాలి?’ పుస్తకంలో జవాబు ‘స్టాండర్డ్ ఐఏ’. ఆ పుస్తకం రాసిన రోజుల్లో అది సరైనదే. 2021 నవంబరులో అమెజాన్ సరిగ్గా ఇలాంటి అవసరం కోసమే ‘గ్లేసియర్ ఇన్‌స్టంట్ రిట్రీవల్’ అనే కొత్త తరగతి తెచ్చింది. పుస్తకం మాత్రం మారలేదు. జిరాక్స్ మీద జిరాక్స్ తీసి తీసి అక్షరాలు ఉబ్బాయి గానీ జవాబు అదే. ముద్రించిన జవాబుని మార్చడం మర్యాద కాదు కాబట్టి మీరూ అదే పెట్టండి.

అప్పుడు ఒక అందమైన సంగతి జరుగుతుంది. సరైన జవాబు చదువుకున్నవాళ్ళందరూ పెడతారు, అందులో వింతేం లేదు. కానీ ఒకే ఊళ్ళో, ఒకే నెలలో, ఒకరికొకరు తెలియని నలభైమంది అదే ప్రశ్నకి అదే తప్పు జవాబు, ఇంకో ప్రశ్నకి ఇంకో తప్పు జవాబు, వరసగా ఒకేలా పెడితే? ఇలాంటి పోలికలు వెతకడానికే కంప్యూటర్లు పెట్టుకుని కూర్చున్నవాళ్ళున్నారు. ఒక్కో ప్రశ్న మీద ఎన్ని సెకన్లు ఆగారో కూడా నమోదవుతుంది. పది లైన్ల ప్రశ్న, నాలుగు పొడుగాటి ఆప్షన్లు, అభ్యర్థి ఆరు సెకన్లలో క్లిక్. అలా పరీక్షంతా. మార్కులు లేని కొత్త ప్రశ్నలొస్తే మాత్రం అదే అభ్యర్థి అయిదు నిమిషాలు తల గోక్కుంటాడు. పాత వాటికి ఆరు సెకన్లు, కొత్త వాటికి అయిదు నిమిషాలు. దీన్ని చూసి వాళ్ళు ఏమనుకుంటారో నాకు అర్థం కాదు. మనవాడికి జ్ఞాపకశక్తి ఎక్కువని తప్ప ఏమనుకోవాలి?

ఫలితం రద్దు చెయ్యొచ్చు, మళ్ళీ రాయకుండా నిషేధించొచ్చు. ఆ మాట పరీక్ష మొదలయ్యే ముందు వచ్చే ఒప్పందం తెరలోనే ఉంటుంది. ప్రశ్నలు బయట చెప్పనని అందులోనే మీరు మాటిస్తారు. ‘అంగీకరిస్తున్నాను’ అన్న బొత్తాం నొక్కే వేగంలో మనల్ని మించినవాళ్ళు ఈ భూమ్మీద లేరు. గృహప్రవేశం నాడు పంతులుగారు ‘మమ’ అనుకోండి అంటే అన్నట్టు నొక్కేస్తాం.

ఆప్షన్లు లేని పరీక్షలు: వీలైతే తప్పించుకోండి

కొన్ని దుర్మార్గపు పరీక్షలున్నాయి. ఏ, బీ, సీ, డీ ఉండవు. మెషిన్లు ఇచ్చి పని చెయ్యమంటారు. రెడ్ హ్యాట్ వారి ఆర్‌హెచ్‌సీఎస్ఏ అలాంటిది. 300కి 210 వస్తే పాస్. కుబర్నెటిస్ మీద పెట్టే సీకేఏలో రెండు గంటలు, 66 శాతం, పైగా పరీక్ష మధ్యలో అధికారిక డాక్యుమెంటేషన్ తెరిచి చూసుకోవచ్చట. పుస్తకం చూసి రాసేది కూడా ఒక పరీక్షేనా? చూడకండి. ఆత్మగౌరవం ముఖ్యం.

రెడ్ హ్యాట్ దగ్గర ఒక నియమముంది. మీరు చేసిన ప్రతి మార్పూ మెషిన్ రీబూట్ అయ్యాక కూడా, ఎవరూ చెయ్యి పెట్టకుండా నిలబడాలి. ఇది ఎక్కడ కొడుతుందో మా మేనల్లుడి రూమ్మేట్ చూపించాడు. కొత్త డిస్కు భాగం చేశాడు, ఫైల్ సిస్టమ్ వేశాడు, మౌంట్ చేశాడు. లోపల ఫైలు పెట్టి చూశాడు, పని చేసింది. బూట్ అయినప్పుడల్లా తనంతట తనే మౌంట్ కావాలని /ఈటీసీ/ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్లో ఒక లైను రాశాడు. ఆ లైన్లో డిస్కు భాగానికి గుర్తింపుగా ముప్పై ఆరు అక్షరాల యూయూఐడీ ఒకటి ఉంటుంది. అందులో ఒక ‘8’ బదులు ‘b’ టైప్ అయింది. మెషిన్ ఏమీ అనలేదు, ఎందుకంటే ఆ ఫైలుని అది మళ్ళీ చదివేది రీబూట్ అప్పుడే. ‘మౌంట్ -ఏ’ అని ఒక్కసారి కొట్టి చూస్తే అప్పుడే చెప్పేది. కొట్టలేదు. రీబూట్ చేశాక ఆ పేరుగల డిస్కు కోసం ఒకటిన్నర నిమిషం ఎదురుచూసి, దొరక్క, ఎమర్జెన్సీ మోడ్ అని నల్లటి తెర మీద నాలుగు లైన్లు వేసి కూర్చుంది. అదృష్టవశాత్తూ అది ఇంట్లో సాధన మెషినే. పరీక్షలో అయితే యూజర్లు, పర్మిషన్లు, ఫైర్‌వాల్ అన్నీ సరిగ్గా చేసినా, ఆ మెషిన్ లేవకపోతే దిద్దడానికి లోపల ఏముందో చూసేదెవరు?

దీని నుంచి నేను తీసిన సలహా: పరీక్షలో మెషిన్ని ఎన్నడూ రీబూట్ చెయ్యకండి. పనిచేస్తున్న దాన్ని ఎందుకు కదపడం? మా వాడి రూమ్మేట్ మాత్రం ఆఖరి ఇరవై నిమిషాలు రీబూట్ చేసి చూసుకోవడానికే అట్టే పెట్టుకున్నాడు. పాసయ్యాడు. అది యాదృచ్ఛికం.

పరీక్ష రోజు

పేరు సంగతి. రిజిస్టర్ చేసిన పేరూ గుర్తింపు కార్డు మీద పేరూ కలవాలంటారు. మనవాళ్ళకి పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, పాస్‌పోర్టులో వెనక, ఆధార్‌లో ఒట్టి ఇనీషియల్. మూడూ మనమే అయినప్పుడు ఏదైతేనేం? వెంకట సత్య సాయి అన్నీ కలిపి ఒక పెట్టెలో, పక్క పెట్టె ఖాళీ వదలకూడదంటే అందులో మళ్ళీ వెంకట సత్య సాయి రాసెయ్యండి. సెంటరు గుమ్మం దగ్గర ఆపితే అప్పుడు వాదించుకోవచ్చు. ఫీజు 150 డాలర్లు, రూపాయల్లో పన్నెండు వేలు దాటుతుంది, పన్ను వేరు. వాదనకి మాత్రం పైసా ఖర్చు లేదు.

ఇంటి నుంచి రాస్తే గది నాలుగు వైపులా ఫొటోలు తీసి పంపాలి. బల్ల మీద ఏమీ ఉండకూడదు, కెమెరాలోంచి మొహం పక్కకి పోకూడదు, పెదాలు కదిపి చదవకూడదు, గదిలోకి ఇంకెవరూ రాకూడదు. వస్తే పరీక్ష అక్కడికక్కడే ఆపెయ్యొచ్చు. ఇది రాసినవాళ్ళకి మన అమ్మలు తెలియరు. తలుపు గడియ పెడితే, “ఏరా, పడిపోయావా?” అని కొడుతుంది. పెట్టకపోతే యాభయ్యో ప్రశ్న దగ్గర గ్లాసుతో హార్లిక్స్ తెస్తుంది. కాబట్టి గడియ పెట్టకండి. అమ్మని కూడా కెమెరాకి పరిచయం చెయ్యండి. అవతల చూస్తున్నది కూడా ఎవరో ఒక తల్లి కన్న బిడ్డే.

మరో సదుపాయం ఉంది, దాన్ని వాడుకోవడం నామర్దా. ఇంగ్లీషు మాతృభాష కానివాళ్ళకి ఏడబ్ల్యూఎస్ పరీక్షలో 30 నిమిషాలు అదనంగా ఇస్తారు. ఖాతాలోకి వెళ్ళి అడిగితే చాలు. కాకపోతే పరీక్ష తేదీ బుక్ చేసుకోకముందే అడగాలి. తెలుగు మీడియంలో చదివి, పది లైన్ల ఇంగ్లీషు ప్రశ్నని రెండుసార్లు చదివితే గానీ పట్టుబడని పిల్లలకి ఆ అరగంట ప్రాణం లాంటిదట. మనకి ఇంగ్లీషు రాదని ఒక అమెరికా కంపెనీకి మనమే రాసిస్తామా? ఆ 30 నిమిషాలు వాళ్ళకే వదిలెయ్యండి.

తప్పితే? ఏడబ్ల్యూఎస్‌లో 14 రోజులాగి మళ్ళీ ఫీజు కట్టి రాయొచ్చు. మైక్రోసాఫ్ట్‌లో మొదటిసారి తప్పితే 24 గంటలకే, ఆ తర్వాత రెండు వారాలకోసారి, ఏడాదిలో అయిదుసార్లకి మించకుండా. తప్పిన ప్రశ్నలేవో ఎవరూ చెప్పరు. రీకౌంటింగ్‌కి అర్జీ పెట్టండి. కంప్యూటరు దిద్దిన పేపర్లో కంప్యూటరు కూడిక తప్పిందని రాయండి, జిల్లా విద్యాశాఖాధికారికి కాపీ పంపండి.

వాడకం

పరీక్ష ఒకందుకు పెడతారు, మనం ఇంకొకందుకు వాడతాం. మన గొప్పతనమంతా ఆ మధ్యలోనే ఉంది.

మా పెదనాన్నగారి మనవరాలు గుంటూరులో ఎంబీబీఎస్ చేసి అమెరికా కోసం యూఎస్ఎంఎల్ఈ రాస్తోంది. అందులో మొదటిదైన స్టెప్ 1 పెట్టింది, లైసెన్సు ఇవ్వొచ్చా లేదా తేల్చడానికి. మూడంకెల స్కోరు వచ్చేది గదా అని అక్కడి రెసిడెన్సీ ప్రోగ్రాములు దానితోనే జల్లెడ పట్టాయి. 250 వచ్చినవాణ్ణి పిలిచి 235 వచ్చినవాణ్ణి పక్కన పెట్టడానికి ఆ పరీక్షని ఎవరూ తయారుచెయ్యలేదు. చివరికి 2022 జనవరి నుంచి స్కోరు ఎత్తేసి పాస్, ఫెయిల్ మాత్రమే ఇస్తున్నారు. సమస్య తీరిందా? జల్లెడ పట్టేవాళ్ళు స్టెప్ 2 స్కోరు దగ్గరికి జరిగారు. చూశారా, సంఖ్య దాస్తే మనిషి ఇంకో సంఖ్య వెతుక్కుంటాడు. ఈ విషయంలో అమెరికావాళ్ళు కూడా మన పద్ధతికి వచ్చేశారని నాకు గర్వంగా ఉంది.

ప్రాజెక్టు మేనేజర్లకి పీఎంపీ ఇచ్చేవాళ్ళు ఇంకా మొండివాళ్ళు. పాస్ శాతం ఎంతో చెప్పరు, మార్కు ఇవ్వరు. లక్ష్యానికి పైన, లక్ష్యం దగ్గర, కింద, మెరుగుపడాలి అని నాలుగు మెట్లు. సిస్కో అయితే పాస్ గీతే బయటపెట్టదు. ఇలాంటి సంస్థలని బయోడేటాల్లో చేర్చకండి.

కంపెనీలో అయితే మీ మేనేజరు మార్చిలోపు సర్టిఫికేషన్ పూర్తి చెయ్యమని వెంటపడతాడు. వోచర్ కూడా ఇప్పిస్తాడు. మీ ఎదుగుదల మీద ప్రేమ అనుకోండి, సంతోషంగా ఉంటుంది. క్లౌడ్ కంపెనీల దగ్గర పార్ట్‌నర్ హోదాలుంటాయి. పై మెట్టు ఎక్కాలంటే ఇంతమంది సర్టిఫైడ్ ఉద్యోగులుండాలని షరతు ఉంటుంది. ఆ జాబితాలో మీరొక తల. తల లోపల ఏముందన్నది ఆ షరతులో లేదు. ఇది తెలిసినవాళ్ళు వోచర్ తీసుకుని, ఆ వంకతో నిజంగానే నాలుగు విషయాలు నేర్చుకుని, వచ్చే ఏడాది వేరే కంపెనీకి పోతున్నారు. అంత స్వార్థం పనికిరాదు.

ఉద్యోగాలిచ్చేవాళ్ళకి నా సలహా ఇంకా సులువు. ఇంటర్వ్యూలు మానెయ్యండి. సర్టిఫికెట్టు ఉన్నవాణ్ణి తీసుకోండి, రెండున్నవాణ్ణి టీమ్ లీడ్ చెయ్యండి, అయిదున్నవాణ్ణి ఆర్కిటెక్ట్ చెయ్యండి. రాత్రి రెండింటికి డేటాబేస్ డిస్కు నిండిపోయి సైటు పడిపోయినప్పుడు, కాల్‌లో అందరూ మౌనంగా ఉంటే, ఎవరికి ఎంత స్కోరొచ్చిందో అడగండి. ఏ విభాగంలో ‘మెరుగుపడాలి’ అని వచ్చిందో కూడా అడగండి. ఆ లోపు పన్నెండేళ్ళుగా ఏ సర్టిఫికెట్టూ లేకుండా పనిచేస్తున్న శీనుగారు నిశ్శబ్దంగా పాత లాగ్ ఫైళ్ళు తీసేసి సైటు లేపుతాడు. అతనికి అప్రైజల్లో ‘సర్టిఫికేషన్ లేదు’ అని రాయడం మరిచిపోకండి.

ఇక గడువు. ఏడబ్ల్యూఎస్‌ది మూడేళ్ళు. మైక్రోసాఫ్ట్ అసోసియేట్ స్థాయివి ఏడాదే, కాకపోతే ఇంట్లో కూర్చుని ఉచితంగా, పుస్తకాలు చూసుకుంటూ చిన్న పరీక్ష రాసి పొడిగించుకోవచ్చు. పీఎంపీకి మూడేళ్ళలో 60 పీడీయూలు, అంటే కొత్తగా నేర్చుకున్న గంటలు, సంపాదించాలి. ఇవన్నీ చదువు పాతబడుతుందని నమ్మేవాళ్ళు పెట్టిన నిబంధనలు. మన దగ్గర 1998లో చేసిన కోర్సుని ఇప్పటికీ సంతకం కింద రాసుకునే పెద్దమనుషులున్నారు, ఎవరైనా ఏమన్నారా? సర్టిఫికెట్టు మీద ఒక నంబరుంటుంది, దాన్ని కంపెనీ వెబ్‌సైట్లో కొడితే ‘గడువు ముగిసింది’ అని వస్తుంది నిజమే. అందుకని వీడియో ఇంటర్వ్యూలో సర్టిఫికెట్టు చూపించమంటే నంబరు మీద ఒక బొటనవేలు, తేదీ మీద రెండో బొటనవేలు వచ్చేలా పట్టుకోండి. మా మేనల్లుడికి అద్దం ముందు నిలబెట్టి నేర్పించాను. వాడు అంతా విని, “మావయ్యా, రెండు చేతులూ అడ్డం పెడితే నా పేరు కూడా కనపడట్లేదు” అన్నాడు.